ఎనిమిది మంచాలు, ఏడు పేర్లు

పోయిన శుక్రవారం రియాద్‌లో మన తెలుగువాళ్ళ సంఘం ఒక సాహిత్య సభ పెట్టింది. హోటల్ మేడ మీద హాలు, వెనకాల బ్యానరు, ముందు వరసల్లో ఆఫీసు ఉద్యోగాలవాళ్ళ కుటుంబాలు. చివరి వరసలో నాలాంటివాళ్ళం నలుగురైదుగురం. దేశం నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రొఫెసర్ గారు ఆధునిక అమెరికన్ సాహిత్యంలో సమాజానికి బయట మిగిలిపోయిన మనుషుల గురించి, వాళ్ళ ఒంటరితనం గురించి గంటసేపు మాట్లాడారు. బాగానే మాట్లాడారు. ఆయన చెప్పిన నవలల్లో సగం నేను చదివినవే కాబట్టి తప్పు పట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. చివర్లో మాత్రం ఆయన నవ్వుతూ, "ఈ జబ్బు వాళ్ళది. మన సంస్కృతిలో లేదు. మనవాడు ఎడారికి పోయినా పదిమందితో కలిసి ఒకే గిన్నెలో వండుకుని తింటాడు. ఇక్కడి కూలీల గదుల్లో ఒంటరితనానికి చోటేదండీ?" అన్నారు. చప్పట్లు మోగాయి. నేను లేచి నిలబడ్డాను. సంఘం కార్యదర్శి, మంచి కుర్రాడే, నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "అంకుల్, ప్రశ్నలు భోజనాల తర్వాత. బిర్యానీ చల్లారిపోతోంది" అన్నాడు. నేను బిర్యానీ తినకుండా బయటికి వచ్చేశాను.

నేను తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు. మెట్‌పల్లి గ్రంథాలయంలో మగ్గం పని లేని వేళల్లో కూర్చుని, అక్కడున్న కథలూ నవలలూ దాదాపు అన్నీ చదివాను. ఇంగ్లీషు మాత్రం ఈ దేశంలోనే నేర్చుకున్నాను, బళ్ళో కాదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆ రోజు గదికి వచ్చాక కోపం దిగక, పాత సూట్‌కేసు దించి ఆ ప్రొఫెసర్ పొగిడిన రకం నవల ఒకటి తీశాను. అట్ట ఊడిపోయి టేపు అంటించిన పుస్తకం. మధ్యలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం జారి పడింది. విప్పి చూస్తే మా బురైదా గది వంట జాబితా. ఎనిమిది పేర్లు, వారాలు. ఎనిమిదో పేరు మీద స్కేలు పెట్టి గీసిన నల్లటి గీత. రాత నాది. గీత కూడా నాదే.

బురైదాలో మా గది ఊరికి చివర, ఖర్జూరపు తోటల వైపు పోయే రోడ్డు పక్కన ఉండేది. ఒక పాత ఇంటిని అడ్డగోడలు పెట్టి కూలీలకు గదులు చేశారు. ఎనిమిది ఇనప మంచాలు, ఒక కిటికీ, దానికి ఎప్పుడూ పడి లేచే ఒక ఏసీ. పండ్లు కోసే కాలంలో తలుపు తీస్తే చాలు, బెల్లం పాకం లాంటి వాసన, దాని వెనకే డీజిలు వాసన, దాని వెనక దుమ్ము. ఎనిమిది మందీ జగిత్యాల, ఆర్మూరు, నిర్మల్ వైపువాళ్ళమే. అందరికంటే పెద్దాయన రాజన్న, మేస్త్రీ. పొద్దున లేవగానే ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తన మంచం కింద ఊడ్చుకునేవాడు, తర్వాత మా అందరి మంచాల కింద ఊడ్చేవాడు. "నేను లేకపోతే మీరంత పందులలెక్క బతుకుదురు" అని రోజూ అనేవాడు. ఆయన తిట్టని రోజున మాకు ఏదో వెలితిగా ఉండేది. మంచి మనిషి. ఈ మాట కూడా కోపంతోనే రాస్తున్నాను. మంచి మనిషి కాకపోతే నా పని సులువయ్యేది.

వంట వంతుల వారీగా. ఎనిమిది మందికి ఏడు రోజులు కాబట్టి శుక్రవారం ఇద్దరం. మాంసం వండే రోజు అదే. ఆ ఇద్దరం పోశన్నా నేనూ. పోశన్న నిర్మల్ వైపు మనిషి, రాళ్ళ పని. నాకంటే పదేళ్ళు పెద్ద. తక్కువ మాట్లాడేవాడు, చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఉల్లిగడ్డ కోస్తుంటే కత్తి చప్పుడు ఒకే వరసలో వినిపించేది. ఆయన వండిన తలకాయ కూర కోసం రాజన్న గురువారం నుంచే హుషారుగా ఉండేవాడు. "పోశన్నా, రేపు కారం జర దంచు. పోయిన వారం ఈ సీనుగాడు వేలు పెట్టి ఖరాబు చేసిండు." ఆ సీనుగాడు నేనే. పధ్నాలుగు నెలలు ఆ చేతి కూర తిన్నాం. గిన్నె అడుగు రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నాం.

నా పని విదేశీ ఇంజనీర్లు ఉండే కాలనీలో ఏసీలు శుభ్రం చేయడం. ఒక అమెరికన్ కుటుంబం పని అయిపోయి వెళ్ళిపోతూ ఒక పెట్టె నిండా నవలలు చెత్తకుండీ పక్కన పెట్టారు. వాచ్‌మన్‌ని అడిగి నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాను. ఊరి నుంచి తెప్పించుకున్న ఇంగ్లీషు తెలుగు నిఘంటువు పక్కన పెట్టుకుని, మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది. ఆరు నెలలు అయ్యేసరికి రోజుకు పది పేజీలు. గదిలో అందరూ నవ్వేవారు. "ఏందిరా, కలెక్టరు పరీక్ష రాస్తున్నవా?" అని గంగారాం. నాకు గర్వంగానే ఉండేది. ఆ పెట్టెలో పుస్తకాలు చాలావరకు ఒకే రకం మనుషులవి. చిన్న పట్నాల్లో అద్దె గదిలో ఉండేవాడు, ఎవరూ పెళ్ళికి పిలవని ఆడమనిషి, చర్చి మెట్ల మీద చివరన నిలబడేవాడు. నేను అప్పుడే ఒక విషయం కనిపెట్టాను, ఏ ప్రొఫెసరూ చెప్పకుండానే. ఆ నవలల్లో ఊరు ఆ మనిషిని కొట్టదు, తిట్టదు. అతను లోపలికి వస్తే గొంతు కొంచెం తగ్గిస్తుంది. అంతే. మిగతాదంతా అతని చేతే చేయిస్తుంది.

శుక్రవారం కూర ఉడుకుతుంటే పోశన్నకు ఆ నవలల్లో ఒకదాని కథ చెప్తుండేవాణ్ణి. రేడియోలు బాగుచేసే ఒకాయన కథ అది. రోజూ పొద్దున ఒకే హోటల్లో ఒకే ఎత్తుకుర్చీ మీద కూర్చుని కాఫీ తాగుతాడు. హోటల్ ఎంత నిండినా ఆయనకు అటూ ఇటూ ఉన్న కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. పోశన్న గరిటె ఆపి, "రెండు దిక్కుల ఖాళీయేనా?" అని అడిగాడు.

"ఖాళీయే అన్నా."

"మరి ఆయన చేత రేడియోలు బాగుచేయించుకుంటరా?"

"చేయించుకుంటరు. ఊరంత ఆయన కాడికే పోతరు."

"ఆఁ, అది ఉంటది" అన్నాడు పోశన్న. మళ్ళీ కూర కలపడం మొదలుపెట్టాడు. ఎలా తెలుసని నేను అడగలేదు. పుస్తకాలు అంత చదివే మనిషికి ఆ ప్రశ్న తట్టలేదు.

గల్ఫ్ గదుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు సెలవు మీద ఊరికి పోయినా గదిలో అందరి మూటలూ మోసుకెళ్ళాలి. సెంటు సీసాలు, పిల్లలకు బట్టలు, సబ్బులు, తలనొప్పి మందు. ఒక్కొక్క ఇంటికీ స్వయంగా పోయి ఇచ్చి, వాళ్ళు పెట్టింది తిని, తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళిచ్చిన పచ్చళ్ళు, సకినాలు తేవాలి. ఆ సారి గంగారాం పోతున్నాడు. పోశన్న ఏమీ ఇవ్వలేదు. అంతకుముందు ఇద్దరు పోయినప్పుడూ ఇవ్వలేదు. నేను ఊరుకోలేదు. "గంగన్న మీ దిక్కే గదా అన్నా. బిడ్డకు ఏమన్న పంపు" అన్నాను.

"వద్దు తమ్మీ. నేను పోయిననాడు తీస్కపోత."

"ఇంక రెండేండ్లకు గాని నీకు సెలవు లేదు. అప్పటికి ఆ గౌను పిల్లకు పడుతదా?"

గౌను సంగతి నాకెలా తెలుసంటే, ఆయన సూట్‌కేసు తెరిచినప్పుడల్లా కనిపించేది. పసుపురంగు, మెడ దగ్గర తెల్ల పూలు. పోశన్న గౌను తీసి కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. నేను దాని మీద మార్కర్‌తో ఊరి పేరు, తండ్రి పేరు, ఇంటికి దారి, ఆయన గొణుగుతూ చెప్తుంటే అచ్చులాంటి అక్షరాలతో రాశాను. నా చేతిరాత గదిలో అందరికీ గొప్ప.

నెలన్నరకు గంగారాం తిరిగొచ్చాడు. అందరి ఇళ్ళ నుంచి వచ్చిన డబ్బాలు నేల మీద పరిచాడు. మామిడికాయ తొక్కు, నువ్వుల ఉండలు, సకినాలు. అన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఒక్క సీసా మాత్రం తెరుచుకోలేదు. పోశన్న భార్య పంపిన చింతకాయ తొక్కు. గంగారాం దాన్ని మిగతావాటికి జానెడు దూరంలో పెట్టాడు. "పోశన్నా, మీ ఇల్లు దొరకవట్టుడు కష్టమే అయ్యింది. ఊరవతల ఉండె గదా" అన్నాడు. అంతే అన్నాడు. ఊర్లో ఇల్లు ఎటువైపు ఉందో చెప్తే మనకు ఇంక చెప్పాల్సింది ఏముంటుంది? పోశన్నది మాదిగవాడ అని ఆ మాటతో గది మొత్తానికీ తెలిసింది. సకినాలు నమిలే చప్పుడు తగ్గింది. పోశన్న లేచి తన సీసా తీసుకుని మంచం కింద పెట్టుకున్నాడు. గౌను పిల్లకు పట్టిందా అని కూడా అడగలేదు.

ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండేది అక్కడే. ఎవరైనా ఒక తిట్టు తిట్టి ఉంటే పోశన్న తిరిగి ఒక మాట అనేవాడు, నేను మధ్యలో దూరేవాణ్ణి, ఏదో ఒకటి జరిగేది. రాజన్న మర్నాడు పొద్దున మంచాల కింద ఊడుస్తూ, పోశన్న మంచం దాటి అవతలికి వెళ్ళిపోయాడు. సాయంత్రం నన్ను పిలిచి, "తమ్మీ, పోశన్నకు నడుం నొప్పి. రాళ్ళ పని గదా పాపం. వంట తప్పిద్దాం. కొత్త లిస్టు రాయి. ఏడు రోజులకు ఏడుగురం, లెక్క కూడ సరిగ్గ కుదురుతది" అన్నాడు. పోశన్న అక్కడే ఉన్నాడు. నడుం నొప్పి అని ఆయన ఎప్పుడూ అనలేదు. "నాకు నొప్పి లేదు రాజన్నా" అన్నాడు మెల్లగా.

"ఉంటది. నీకు తెల్వది. రెస్టు తీసుకో" అన్నాడు రాజన్న, ఎంతో ప్రేమగా.

నేనేం చేశాను? నేత కులంవాణ్ణి, ఎవరికంటే గొప్పని? ఆ పుస్తకాల్లో రేడియో ఆయన కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి. గోడ మీద పాత జాబితా దించాను. గందరగోళం లేకుండా ఉండాలని స్కేలు తెచ్చి, పెన్ను ఒత్తి పట్టి, పోశన్న పేరు మీద గీత గీశాను. తర్వాత కొత్త కాగితం మీద ఏడు పేర్లు పొందికగా రాసి అంటించాను. పాత కాగితం మడిచి, చదువుతున్న పేజీకి గుర్తుగా పెట్టుకున్నాను. ఇంత పుస్తకజ్ఞానం నాకు ఎందుకు పనికొచ్చిందంటే, పేజీ తప్పిపోకుండా ఉండటానికి.

తర్వాత పోశన్న మాతోనే తిన్నాడు, కాని ఆయన పళ్ళెం వేరుగా నీళ్ళ డ్రమ్ము మీద ఉండేది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. శుక్రవారం నేనొక్కణ్ణే వండేవాణ్ణి, కూర మాడేది, రాజన్న తిట్టేవాడు. ఆ తిట్టులో కూడా పోశన్న పేరు వచ్చేది కాదు. నెల తిరక్కుండా పోశన్న తనంత తాను మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ దగ్గరికి పోయి, ఆయన తమ్ముడి గొర్రెల మందకు మనిషి కావాలంటే నేను పోతానన్నాడు. గొర్రెల కాపరి పని అంటే ఎడారిలో ఒక్కడు, ఒక రేకుల గది, పదిహేను రోజులకొకసారి నీళ్ళ ట్యాంకరు. చేతిలో రాళ్ళ పని వదిలి ఎవడూ అడిగి పోడు. పోయేముందు మూట కడుతూ నన్ను అడిగాడు.

"ఆ హోటల్ల కుర్చీ ఆయన ఏమయిండు తమ్మీ?"

"ఇంక చదవలే అన్నా. అయిపోయినంక చెప్త."

"చెప్పు" అన్నాడు.

పుస్తకం పూర్తయ్యేసరికి చలికాలం వచ్చింది. మా కఫీల్ దగ్గర డ్రైవరుగా ఖాజా అని కడపాయన ఉండేవాడు. మంద దగ్గరికి దాణా బస్తాలు తీసుకుపోయేది ఆయనే. ఒక సెలవురోజు ఆయన బండెక్కాను, కథ చెప్పి వస్తానని. దారిలో జరిగినదంతా చెప్పాను. ఆయన స్టీరింగు మీద చెయ్యి కొట్టి, "ఏందబ్బా మీరు! పొద్దున కఫీల్ ముందర అందురూ చేతులు కట్టుకోని నిలబడ్తారు. సాయంత్రం రూములోకొచ్చి ఒకరికొకరు దొరలయితారా?" అన్నాడు. నేను పోశన్న దగ్గరికి పోతున్నాను కదా, నేను వేరు కదా అని లోలోపల అనుకున్నాను.

పోశన్న గడ్డం పెరిగి, నల్లబడి, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. మమ్మల్ని చూసి మొదట మాట రాలేదు. వారాల తరబడి గొర్రెలతో తప్ప మాట్లాడని గొంతు. తర్వాత మాటలు ఒక్కసారి ఎక్కువయ్యాయి. చాప పరిచాడు. పొయ్యి మీద అన్నం అప్పుడే దించాడు, పక్కన టమాట పులుసు. కారం, వెల్లుల్లి దంచి వేసిన ఆ వాసన నాకు పధ్నాలుగు నెలల శుక్రవారాల వాసన. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదు. కడుపు కాలుతోంది. పోశన్న మూడు పళ్ళాలు కడిగి తెచ్చాడు. "తిందాం పట్టు తమ్మీ."

"ఇప్పుడే తిని వచ్చిన అన్నా" అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అంటుముట్టు నమ్మేవాణ్ణి కాదు. ఆ చేతి కూర ఏడాదికి పైగా తిన్నవాణ్ణి. ఆలోచించి ఉంటే అనేవాణ్ణి కాదు. ఆలోచించకముందే నోరు అనేసింది, మా తాత నోరు, మా ముత్తాత నోరు నాలోంచి అనేసింది. పోశన్న నన్ను చూడలేదు. మూడు పళ్ళాల్లో ఒకటి పక్కకి తీసి బోర్లించాడు. ఖాజా మాత్రం కూర్చుని రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. చేతులు కడుక్కున్నాక పోశన్న గిన్నె మీద మూత పెట్టి, దాని మీద రాయి పెట్టాడు.

"ఆ కథల ఆయన ఏమయిండు?" అన్నాడు.

"ఆఖరి పేజీల ఎవరో తెల్వని మనిషి వచ్చి పక్క కుర్చీల కూసుంటడు అన్నా. ఏం మాట్లాడడు. కాఫీ తాగుతడు. అంతే."

పోశన్న నవ్వాడు. "కథ గదా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బురైదా ఇంకా దూరం ఉందనగా ఖాజా ఒక బేకరీ ముందు బండి ఆపి, వేడి ఖుబ్బూస్ రొట్టెలు రెండు కొనుక్కొచ్చి నా ఒళ్ళో పడేశాడు. "తినుపో. ఆకలయితా ఉంటాది గదా" అన్నాడు. తిన్నాను. ఏడుస్తూ ఏమీ తినలేదు, గబగబా తిన్నాను. అంత ఆకలి.

ఆ తర్వాత పోశన్న వీసా రద్దు చేయించుకుని, ఎగ్జిట్ వేయించుకుని ఊరికి పోయాడని ఖాజా చెప్పాడు. చింతకాయ తొక్కు సీసా మా గదిలో ఖాళీ అయిన మంచం కిందే ఉండిపోయింది. మేము ఆ గది ఖాళీ చేసే రోజున రాజన్న దాన్ని చీపురుతో జరిపి, కాలువలో పారబోశాడు.

కాబట్టి ప్రొఫెసర్ గారూ, బిర్యానీ అయిపోయింది కనుక ఇప్పుడు చెప్తాను. ఆ అమెరికన్ నవలల్లో మనిషి ఒంటరి అవ్వాలంటే ఒక పట్నం మొత్తం పూనుకోవాలి. మాకు ఒక గది సరిపోయింది. ఒకే గిన్నెలో వండుకునేవాళ్ళమే. ఆ గిన్నెతోనే చేశాం. మీరు ఆ జబ్బు మనది కాదన్నప్పుడు ముందు వరసలో చప్పట్లు కొట్టినవాళ్ళకు ఆ గిన్నె సంగతి తెలియదని నేను నమ్మను. తెలిసే కొట్టారు.

ఇప్పుడు నేను సూపర్‌వైజర్ని. రియాద్‌లో కూలీల గదులకు ఏసీలు, కుళాయిలు చూడటానికి పోతుంటాను. అప్పటికీ ఇప్పటికీ గదులు మారాయి. గోడ మీద కాగితం పోయి, వంట జాబితా ఫోన్ల గ్రూపులోకి వచ్చింది. కొన్ని గదుల్లో ఫ్రిజ్ తలుపు మీద ఇంకా అంటిస్తారు. నేను లోపలికి పోగానే ముందు మంచాలు లెక్కపెడతాను, తర్వాత పేర్లు. చాలా గదుల్లో సరిపోతుంది. సరిపోని చోట అడుగుతాను. ఏదో ఒక నొప్పి చెప్తారు. నడుమో, మోకాలో. అప్పుడు నేను పానా పక్కన పెట్టి, జాబితాలో లేని ఆ మనిషి ఎవరో కనుక్కుని, "ఆకలైతుంది అన్నా, ఏమన్న వండుతవా?" అని అడుగుతాను. గదిలో మిగిలినవాళ్ళు ఫోన్లలోకి చూస్తుంటారు. నేను వాళ్ళ మధ్యలో కూర్చుని, వాళ్ళు చూస్తుండగా, అయిపోయేదాకా తింటాను. నిజంగా ఆకలి ఉన్న రోజు తినలేకపోయాను. ఇప్పుడు ఆకలి లేకపోయినా తింటాను.